‘వద్దు’ అను మాటకు మాఱుమాట

కిందటి వేసవిలో నేను రెండు నెలలపాటు హైదరాబాదులో మా అమ్మాయి యింట నుంటిని. వారి కాపురము కొండాపూరులో, తొమ్మిదవ అంతస్తున. కిటికీ కడ నిలిచిన హైటెక్ సిటీ మేడలు కన్నుల యెదుట నుండును. 1998లో సైబర్ టవర్స్ అను భవనము తెఱవక పూర్వము మాదాపూరు రాతిగుండ్ల నడుమ నుండిన పల్లె. ఆ గుండ్లలో కొన్ని యిప్పటికిని శిల్పారామములోను, దుర్గము చెఱువు గట్టునను కనబడుచున్నవి. అమ్మాయియు అల్లుడును కంప్యూటరు కంపెనీలలో ఉద్యోగులు. మనుమనికి మూడేండ్లు నిండి నాలుగవ నెల. వానిని చూచుకొనుటకు పాలమూరు వైపునుండి వచ్చిన ఆయా యొకతె కలదు.

సోదరీమణులారా, ఆ యిండ్లలో సాయంకాలము మన యూళ్ళ సాయంకాలము వంటిది కాదు. వేసవిలో మనకు సాయంత్రము ఆఱున్నర యైనప్పుడు న్యూయార్కులో ఉదయము తొమ్మిది గంటలు. అక్కడివారు తమ కార్యాలయములకు వచ్చి కూర్చుండు వేళకు ఇక్కడివారు వారితో మాటలాడుటకు సిద్ధముగా నుండవలయును. 2020 మార్చిలో మహమ్మారి మూలమున ఉద్యోగులను ఇండ్లకు పంపినప్పుడు మా అమ్మాయి పడకగదిలో వెలసిన ఆఫీసు బల్ల నేటికిని అక్కడనే యున్నది. వారమున రెండు మూడు దినములు ఆమె యింటినుండియే పని చేయును. పసివాడు పగలెల్ల ఆటబడిలోను ఆయా యొద్దను గడపి, తల్లి యొడి కొఱకు తపించు సమయమును, అమెరికాకు తెల్లవాఱు సమయమును ఒక్కటే. అప్పుడు ఆ గది తలుపు కివతల వినబడు మాటలివి: “అరవకు.” “తలుపు కొట్టకు.” “అటు వెళ్ళకు.” “ఏడవకు.”

ఒకనాటి సాయంత్రము నాకొక యూహ తోచి, జపమునకు వలె వ్రేళ్ళ కణుపులు లెక్కించుచు సోఫాలో కూర్చుంటిని. బిడ్డ నుద్దేశించి ఇంటివారి నోట ‘వద్దు’ అనియో, ‘చెయ్యకు’ అనియో, ‘నో’ అనియో వెడలిన ప్రతి మాటకు ఒక కణుపు. ఎనిమిది గంటలు కాకమునుపే రెండు చేతుల కణుపులును ముగిసినవి. సిగ్గుపడుచు చెప్పవలసిన సంగతి యేమనగా, వానిలో సగమునకు పైగా నావే. అమ్మాయి గదిలో నుండెను, ఆయా వంటింట నుండెను, అల్లుడింకను రాలేదు. సోఫా ఎక్కకని, రిమోటు ముట్టుకోకని, చెప్పులు లోపలికి తేవద్దని పలికిన నోరు నాదే.

అటుపిమ్మట రెండు దినములకు అమ్మాయి పని ముగించుకొని తలుపు తెఱచి, హాలులో అడుగిడక గడప మీదనే నిలిచిపోయెను. వాడు తన గుడ్డయేనుగును గోడవైపు త్రిప్పి కూర్చుండబెట్టి, వ్రేలు చూపుచు చెప్పుచుండెను: “అరవకు. అమ్మకి మీటింగుంది. రాకు. చెప్పానా? నో!” ఏనుగు పాపము అఱవనులేదు, కదలనులేదు. అమ్మాయి నావైపు చూచెను. ఆ రాత్రి అన్నము ముందు కూర్చుండి, “అమ్మా, వాడు నా మాటే మాట్లాడుతున్నాడు,” అని మాత్రము అనెను. ఆమె తిన్నది నాలుగు ముద్దలు. మే మిరువురము ఈ విషయమును గూర్చి చదువుటకును తర్కించుకొనుటకును మొదలిడినది ఆ రాత్రియే.

తెలుగు మాటల కట్టడి యొకసారి చూడుడు. ‘పరుగెత్తు’ అన్న పరుగెత్తుమని. ‘పరుగెత్తకు’ అన్న మానుమని. ‘ముట్టుకో’, ‘ముట్టుకోకు’, ‘విసురు’, ‘విసరకు’. క్రియ యంతయు ముందుగా చెవిని పడును. నిషేధము చివర నొక్క యక్షరమై తోకవలె వ్రేలాడుచుండును. ఆంగ్లములో ‘డోంట్’ అని అది ముందే వచ్చును. మన క్రియలలో కడపట వచ్చును. కాళ్ళు పరుగులో నున్న మూడేండ్ల బిడ్డ ఆ కడపటి యక్షరము కొఱకు వేచియుండునా? వినెననియే యనుకొందము. ఏది మానవలయునో వానికి తెలిసినది. ఆ కాళ్ళతో ఇప్పుడేమి చేయవలయునో మనము చెప్పనేలేదు.

రష్యా దేశమున అలెగ్జాండరు లూరియా అను మనశ్శాస్త్రవేత్త పసిపిల్లల యెడ మాట యెట్లు పనిచేయునో పరీక్షించి చూచెను. కడ్డీకి కడియములు తొడుగుచున్న చిన్నబిడ్డతో, ఆ పని నడుమ ‘తీసివేయుము’ అని చెప్పిన, బిడ్డ ఆ మాటను లెక్కింపక తొడుగుచునే యుండెను. ఒకప్పుడు మఱింత వడిగా తొడిగెను. ఒకరి మాట విని పని మొదలిడు శక్తి బిడ్డలో ముందు కలుగుననియు, మాట విని చేయుచున్న పనిని ఆపుకొను శక్తి కొంత కాలమునకు గాని పండదనియు ఆతడు వివరించెను. ఆతని యుపన్యాసములు 1961లో ఆంగ్లమున పుస్తకముగా వెలువడినవి. అది చదివినప్పుడు, మనము మొండితనమని పేరు పెట్టి మందలించుచున్న దానిలో ఎంత భాగము ఇంకను పండని కాయయో కదా యని నాకనిపించినది.

ఇంత చదువక యే ఈ మర్మము ఎఱిగిన మనిషి మా యింటనే యుండెను. ఆయా నోట ‘ఉరకకు’ అను మాట నేను విన్నది మిక్కిలి తక్కువ. వాడు వసారాలో దౌడు తీసినప్పుడెల్ల, “నిమ్మలంగ నడువు బిడ్డా, నిమ్మలంగ,” అనును. నాది తెనాలి. ఆ ‘నిమ్మలము’ విని మొదట నవ్వుకొంటిని. వాడు గ్లాసుతో నీళ్ళు మోసికొని వచ్చునప్పుడు నేను “ఒలకబోస్తావ్!” అందును, ఆమె “రెండు చేతులతోటి పట్టుకో,” అనును. ఆమె మాటకు వాడు రెండు చేతులతో పట్టుకొనెడివాడు. నా మాటకు తలయెత్తి నావైపు చూచి ఒలకబోసెడివాడు! పది దినములు ఈ వింత చూచిన పిదప నా నవ్వు ఆగిపోయినది. నేను పట్టపరీక్ష వఱకు చదివితిననియు, ఆమె సంతకము మాత్రము చేయుననియు ఇక్కడ చెప్పుకొనుట న్యాయము.

ఒక ఆదివారము శిల్పారామమునకు పోతిమి. అక్కడి గుండు నొకదానిని చూడగనే వాడు ఎక్కసాగెను. నా గొంతులో “పడతావ్!” అను మాట సిద్ధముగా నుండెను. ఇంట దీపము ఆరినదనరాదు, కొండెక్కినదనవలయును. బియ్యము అయిపోయినవనరాదు, నిండుకొన్నవనవలయును. పోయెదనని గడప దాటరాదు, పోయివచ్చెదననవలయును. పైన తథాస్తు దేవతలు తిరుగుచుందురు, నోట అశుభము రానీయకుడని మా యమ్మమ్మ మమ్ము హెచ్చరించుచుండెడిది. అదే నోటితో ఆమెయు, మా యమ్మయు, నేనును బిడ్డలను చూచి ‘పడతావ్, పగలగొడతావ్, చెడిపోతావ్’ అని దినమునకెన్ని సారులంటిమో! దీపమున కిచ్చిన మర్యాద బిడ్డకు ఇయ్యలేదు. ఆ సంగతి తట్టి నేను మాట మ్రింగుకొంటిని. అమ్మాయి గుండు ప్రక్కకు పోయి, చేయి చాచి, “కుడికాలు ఈ గుంటలో పెట్టు. చెయ్యి ఇక్కడ ఆనించు. ఇప్పుడు రెండో కాలు,” అనెను. వాడు మూడడుగులెక్కి, తృప్తిపడి, అదే త్రోవను దిగి వచ్చెను.

ఆ తరువాత మే మింట మార్చుకొన్న మాటలు చాల చిన్నవి. గోడ మీద గీయకు అనుటకు బదులు, కాగితము చేతికిచ్చి “దీని మీద గీయి”. అరవకు అనుటకు బదులు “నా చెవిలో చెప్పు”. ఇది వానికి మిక్కిలి నచ్చినది. చెవిలో చెప్పవలసిన రహస్యములు నాటినుండి పెరిగిపోయినవి. పిల్లిని కొట్టకు అనుటకు బదులు, వాని యరచేయి పట్టి పిల్లి వీపు మీద నిమిరించి “ఇలా నిమురు”. మఱియొకటి: “అన్నం తినకపోతే కిందికి తీసుకెళ్ళను” అను బెదిరింపును “అన్నం తిన్నాక కిందికి వెళ్దాం” అని త్రిప్పితిమి. షరతు అదియే, క్రమము అదియే. వినువానికి మొదటిది తగవు, రెండవది కబురు.

మన భాషలో ఇందుకు మంచి సాధనమొకటి కలదు. ‘మేము’ వేఱు, ‘మనము’ వేఱు. వినుచున్నవానిని తనతో కలుపుకొను ‘మనము’ ఆంగ్లమునకు లేదు. “మనం కాళ్ళు కడుక్కుందాం” అన్నప్పుడు బిడ్డ యొంటరివాడు కాడు. అయితే ఇందులో మోసము పనికిరాదు. కడుక్కుందామని తాను కుర్చీలో కూర్చుండు అమ్మమ్మను వాడు రెండవ దినముననే కనిపెట్టును. నన్ను కనిపెట్టెను.

ప్రశ్నను గూర్చియు ఒక మాట. “స్నానం చేస్తావా?” అని యడిగి, “చెయ్యను” అన్నప్పుడు కోపగించుకొనుట మన యిండ్లలో నిత్యము జరుగును. కాదనుటకు వీలులేని చోట అడుగుట యెందుకు? “స్నానం వేళయింది, ఎర్ర చొక్కానా, పచ్చ చొక్కానా?” అన్న, స్నానము నిలుచును, వాని కొక యెన్నికయు దక్కును.

ఇంతవఱకు చదివి, ఇక ‘వద్దు’ అను మాటయే ఇంట వినబడరాదు కాబోలునని ఎవరైన అనుకొందురేమో. నేనట్లు చెప్పను. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమున గ్రజీనా కొచాన్స్కా యను నామెయు తోడివారును బిడ్డలను 14 నెలల వయస్సునుండి 45 నెలల వఱకు చూచుచు వచ్చి 2001లో ప్రకటించిన దానినిబట్టి, ‘ఆ బొమ్మలను ముట్టవద్దు’ అను కట్టడిని పిల్లలు మనఃపూర్వకముగా పాటించినంతగా, ‘ఈ బొమ్మలన్నియు సర్దుము’ అను పనిని పాటింపలేదు. చేయుమని చెప్పుటయే చాలినచో ఇట్లు కానేరదు. ఆలోచించిన, కారణము దూరము కాదు. చేయి ముడుచుకొని యుండుట యొక్క పని. విసుగు పుట్టించు పనిని కడవఱకు సాగించుట పెద్దలకే కష్టము. కనుక “బొమ్మలన్నీ సర్దు” అను మాట వినుటకు సౌమ్యమైనను మూడేండ్లవానికి కొండ వంటిది. దానిని తునుకలు చేసి, “ముందు కార్లు బుట్టలో వేద్దాం. ఎర్ర కారెక్కడ?” అని మొదలిడిన, బుట్ట నిండును. నిండని దినములును కలవు.

ఇక మంట కడ, బాల్కనీ కమ్మి కడ, లిఫ్టు తలుపు కడ, కార్లు వెనుకకు వచ్చు నేలమాళిగలో, ‘ఆగు!’ అనియు ‘వద్దు!’ అనియు గట్టిగానే అనవలయును. తొమ్మిదవ అంతస్తున కాపురముండువారికి ఇది వేడుకమాట కాదు. చెంచా క్రింద పడినప్పుడును, కమ్మి ఎక్కినప్పుడును ఒకే గొంతుతో ఒకే మాట వినుచున్న బిడ్డ కమ్మి కడ మాత్రము ఉలికిపడి ఆగునా? ఆ మాటను చెంచాలకు ఖర్చుపెట్టక దాచియుంచుట కొఱకే తక్కిన మాటలను మార్చుకొంటిమి.

నా తప్పు మఱియొకటి చెప్పవలసియున్నది. నేను వెళ్ళిన క్రొత్తలో, వాడు అన్నము తినక పేచీ పెట్టగా, “తినకపోతే కింద వాచ్‌మన్ పట్టుకుపోతాడు,” అంటిని. మా కాలమున బూచివాడుండెను. ఆ మేడలలో బూచివానికి చోటు లేక వాచ్‌మన్‌ను వాడుకొంటిని. వాడు తినెను. మఱునాడు లిఫ్టు కడ ఆ మనిషి నవ్వుచు చేయి ఊపగా, బిడ్డ నా చీరచెఱగులో ముఖము దాచికొని వణకిపోయెను. ప్రతి దినము వానికి నమస్తే చెప్పి, గేటు కఱ్ఱ ఎత్తించుచుండిన వాడే. ఆ కాపలాదారునకును ఊరిలో బిడ్డలున్నారట. ఏమైనదని యడిగినప్పుడు అబద్ధమాడలేక నిజమే చెప్పితిని. ఆతడు ఏమియు అనక కఱ్ఱ ఎత్తెను. ఆ వెఱపు తీరుటకు మూడు వారములు పట్టినది, ప్రతి సాయంత్రము వానిని క్రిందికి తీసికొనిపోయి, నేనే ముందుగా ఆతనితో మాటలాడి, “అమ్మమ్మ తప్పు చెప్పింది. ఈ మామయ్య మన గేటు చూసుకుంటాడు,” అని బిడ్డ వినునట్లు చెప్పుచుంటిని.

మంచిమాట యనగా పొగడ్త యనియు కొందరు భ్రమపడుదురు. ముద్ద మింగిన ‘గుడ్ బాయ్’, మెట్టు దిగిన ‘గుడ్ జాబ్’, గీత గీసిన ‘జీనియస్’! ఆ ప్రాంతపు పార్కులలో సాయంత్రము కూర్చుండిన ఈ మాటలు వానవలె కురియును. 1998లో క్లాడియా మ్యూలర్, కారల్ డ్వెక్ అను నిరువురు అయిదవ తరగతి పిల్లలతో చేసిన పరీక్షలలో, తెలివి గలవాడవని పొగడబడినవారు తరువాత కఠినమైన ప్రశ్నలలో తప్పినప్పుడు, కష్టపడితివని మెచ్చుకొనబడినవారికంటె త్వరగా ఉత్సాహము కోల్పోయిరి. వారు మన పసివానికంటె చాల పెద్దపిల్లలు. ఐనను మేము జాగ్రత్తపడితిమి. ‘జీనియస్’ మాని, “ఈ ఏనుక్కి నాలుగు కాళ్ళూ వేశావే!” అని చూచినది చూచినట్లు చెప్పసాగితిమి. వాడు వెంటనే తోకయు వేసి చూపెను.

అల్లుడు మొదట ఇదంతయు విని, “అత్తయ్యగారూ, మమ్మల్ని మా నాన్న బెత్తంతో పెంచారు. మేం చెడిపోయామా?” అనెను. నేను జవాబు చెప్పలేదు. అల్లునితో వాదము పెట్టుకొనుట నాకలవాటు లేదు. అమ్మాయి చెప్పెను: “మీ నాన్నగారు ఫోన్ చేస్తే ఇప్పటికీ నువ్వు లేచి నిలబడతావు. ఆయనతో నవ్వుతూ మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు.” ఆతడు కొంతసేపు ఊరకుండెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము బడిలో దెబ్బనే గాక మనస్సును వేధించుటను కూడ నిషేధించినది. ఆ చట్టము ఆఱేండ్ల బిడ్డనుండి లెక్కించును. అంతకు ముందరి యేండ్లు మన చేతిలోనివి.

ఇక ఆ మూసిన తలుపు సంగతి. అమ్మాయి గోడ గడియారము క్రింద వానిని నిలిపి, “పెద్ద ముల్లు ఆరు మీదికి వచ్చినప్పుడు తలుపు తీస్తాను. అప్పటిదాకా అమ్మమ్మ దగ్గర ఆడుకో,” అని చెప్పెను. మొదటి దినము వాడు గడియారము క్రిందనే బాసిపట్లు వేసికొని కూర్చుండెను. ముల్లు ఆఱు మీదికి వచ్చెను, తలుపు తెఱచుకొనెను. నాలుగు దినములు సక్రమముగా జరిగినది. అయిదవ దినము మాటలు సాగిపోయినవి. ముల్లు ఆఱు దాటెను. వాని పెదవి వంగెను. తలుపు తెఱచి అమ్మాయి చెవులకు పరికరము తగిలించుకొనియే బయటికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుండి వానిని కౌగిలించుకొని, “ముల్లు తొమ్మిది మీదికి వచ్చినప్పుడు పూర్తిగా వస్తాను,” అని లోపలికి పోయెను. అర నిముసము పట్టినది. ఆమె పైవారు ఆ యర నిముసమును గమనించిరో లేదో తెలియదు.

అన్ని సాయంత్రములు ఇట్లు గడిచినవని వ్రాసిన అబద్ధమగును. ఒకనాడు వాడు ఆయా చేయి కఱచెను. ఆ దినమంతయు పనిలో నలిగియున్న అమ్మాయి వచ్చి, “ఛీ! ఎన్నిసార్లు చెప్పాలి నీకు!” అని కేక వేసెను. ఏనుగు మొదలు మేమందరము గోడవైపు త్రిగినట్లైనది. పది నిముసములకు ఆమె మరలివచ్చి వాని ప్రక్కన నేలమీద కూర్చుండి, “నేను గట్టిగా అరిచాను. అలా అరవకుండా చెప్పాల్సింది. ఆయాకి నొప్పెట్టింది. కోపం వస్తే ఈ దిండును పిసుకు,” అనెను. వాడు దిండును తీసికొనిపోయి ఆయా చేతికిచ్చెను. ఎందుకో మాకు తెలియలేదు. ఆమె మాత్రము దానిని ఒడిలో పెట్టుకొని, “మంచిది బిడ్డా,” అనెను.

నేను తెనాలి వచ్చి మూడు నెలలైనది. ఆదివారములలో ఫోనులో బొమ్మ కనబడునట్లు మాటలాడుకొందుము. మొన్న మాటల నడుమ పాలు పొంగుచున్న వాసన వచ్చి, ఫోను బల్లకు ఆనించి, వంటింటివైపు పరుగెత్తితిని. వెనుకనుండి వాని గొంతు వినబడెను: “అమ్మమ్మా, నిమ్మలంగ నడువు!”